గుంట ఎక్కడుండె?

కాటేదాన్ పారిశ్రామికవాడలో మా మేనమామ షెడ్డుకు తాళం పడి పదేళ్లయింది. వెయ్యి గజాల జాగ, రేకుల కప్పు, లోపల వరుసగా ఆరు తొట్లు. నల్లాలకూ సైకిలు విడిభాగాలకూ అక్కడ క్రోమ్ పూత వేసేవాళ్లు. మామయ్య పోయాక పని ఆగింది. జాగ కొడుకూ కూతురూ ఇద్దరి పేరు మీదికి వచ్చింది. కొడుకుకు బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు ఉంది. కూతురు ఈ పక్కనే సర్కారు బడిలో సైన్సు టీచరు.

ఫ్యాక్టరీ జాగను ఇళ్ల జాగగా మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలని అన్న, సంతకం పెట్టనని చెల్లె. మధ్యన నన్ను కూర్చోబెట్టారు. షెడ్డు తలుపులు తీసి, దుమ్ము దులిపిన రెండు స్టూళ్ల మీద వాళ్లు మాట్లాడుకున్న మాటలివి. వాళ్లు ఎట్లా మాట్లాడారో అట్లాగే రాస్తున్నాను.

అన్న: వారం సంది అడుగుతున్న. నీకు ఏం అడ్డమొస్తున్నదో ఇయ్యాల చెప్పు. 2025 నవంబర్‌ల సర్కారే తలుపు తీసింది. 22 ఇండస్ట్రియల్ ఎస్టేట్లు, 9,292 ఎకరాలు. ఫ్యాక్టరీలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపి, ఈ జాగలల్ల ఇండ్లు, ఆఫీసులు కట్టుకోనిస్తమన్నది. రోడ్డు 80 ఫీట్ల లోపుంటే రిజిస్ట్రేషన్ రేటు మీద 30 శాతం ఫీజు, అంతకు మించితే 50 శాతం. కట్టేద్దాం, బిల్డర్‌కు ఇద్దాం. నీ పిల్ల చదువుకు, నా అప్పులకు ఇదొక్కటే దారి.

చెల్లె: నాకు అడ్డమొచ్చింది ఆ లెక్కనే అన్నా. ఫీజు రోడ్డు వెడల్పు చూసి కడుతున్నరు. కింద మట్టిల ఏమున్నదో చూసి కాదు.

అన్న: మట్టిల ఏముంటది? మట్టే ఉంటది.

చెల్లె: ఆ వెనక గోడ అడుగు చూడు. సున్నం పొరలు పొరలుగ ఊడిపోయి, లోపలికెళ్లి పసుపు తీరుగ ఉప్పు పొక్కింది. వానలు పడి ఆగినప్పుడల్ల పొక్కుతది. చిన్నప్పుడు మనం దాన్ని గోరుతోటి గీకబోతే మేస్త్రీ ఉరికొచ్చి చెయ్యి లాగిండు, యాదికున్నదా? అది క్రోమియం. తొట్లల్ల నీళ్లు పచ్చగ ఉండేవి. పూతేసిన సామాను కడిగిన నీళ్లు కూడ పచ్చగనే ఉండేవి. ఆ నీళ్లు యాడికి పోయినయి?

అన్న: మోరీల పోయినయి.

చెల్లె: మోరీ వచ్చింది తర్వాత. అంతకుముందు పదేండ్లు వెనక గుంట తవ్వి పోసినం. గోడకవతల బస్తీ. ఆ బస్తీ బోరు నీళ్లతోటి ఇప్పటికీ బోళ్లు తోముతరు, గచ్చు కడుగుతరు, తాగరు. నా క్లాసుల పిల్లలు సగం మంది ఆ గోడ నీడలకెళ్లే బడికొస్తరు. మన దేశం లెక్క ప్రకారం తాగే నీళ్లల్ల లీటరుకు 0.05 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ క్రోమియం ఉండొద్దు. మన ఒక్క తొట్టి నీళ్లు ఎన్ని బావులను చెడగొడుతయో లెక్కేసుకో.

అన్న: ఈ కాటేదాన్‌ల మనమొక్కళ్లమే ఉన్నమా? బ్యాటరీలోళ్లు, సీసం కరిగిచ్చెటోళ్లు, రంగులోళ్లు, ప్లాస్టిక్‌వోళ్లు. ఎన్‌జీఆర్ఐ సైంటిస్టులు ఇక్కడి మట్టి తీస్కపోయి చూస్తే సీసం, క్రోమియం, జింకు, రాగి, ఆర్సెనిక్ అన్నీ కనపడ్డయి. అందులకెళ్లి మనవి ఎన్నని ఏరుతవ్? నాయిన మీద దోషం వెయ్యకు. జాగ ఇచ్చింది సర్కారు, లైసెన్సు ఇచ్చింది సర్కారు, మోరీ వెయ్యనిది కూడ సర్కారే. మనం పూతేసిన నల్లాలు పట్నమంత బిగించుకున్నరు. సుఖం అందరిది, పాపం మనొక్కరిదా?

చెల్లె: నాయినను నేను తప్పు పడుతలేను. తప్పు వేరు, బాకీ వేరు. అప్పు చేసినోడు మంచోడైనా అప్పు అప్పే. నాయిన పోయినంక ఈ జాగ ఇద్దరం పంచుకున్నం. జాగ పంచుకున్నోళ్లం దాని కిందున్న బాకీ కూడ పంచుకోవాలె. సుప్రీంకోర్టు 1996ల రాజస్థాన్ బిచ్ఛ్రీ కేసుల ఇదే చెప్పింది. ప్రమాదకరమైన పని చేసి నేలను, నీళ్లను చెడగొట్టినోడే వాటిని బాగు చేసే ఖర్చు పెట్టుకోవాలె, నేను జాగ్రత్తగనే ఉన్ననంటె చెల్లదని.

అన్న: బిచ్ఛ్రీ సంగతి నాకు తెల్వదనుకున్నవా? తీర్పొచ్చినంక లెక్క తేల్చిండ్రు, 37 కోట్ల పైచిలుకు. కంపెనీ కట్టలే. దరఖాస్తు మీద దరఖాస్తు ఏసుకుంట 2011 దాక లాగింది. అప్పుడు కోర్టుకు కోపమొచ్చి, 1997 సంది 12 శాతం చక్రవడ్డీతోటి కట్టమన్నది. మరి ఆ 14 ఏండ్లు ఊరోళ్ల బావులు ఎవరు కడిగిండ్రు? చెడగొట్టినోడే కట్టాలె అనేది వినసొంపు మాట. వాడి ఎంట పడి తిరిగేలోపట నేల అట్లనే ఉంటది.

చెల్లె: ఆలస్యం ఎవరికి లాభమైందో కూడ చూడాలె గద.

అన్న: చూస్త. ఇంకోటి నువ్వు చూడు. చిత్తూరు దాటంగనే రాణిపేట. క్రోమేటు ఫ్యాక్టరీ 1995ల మూతపడ్డది. లక్షన్నర టన్నులకు పైబడ్డ క్రోమియం చెత్త గుట్టలెక్క వదిలిపెట్టి పోయిండ్రు. వానొస్తే పచ్చ నీళ్లు కారినయి, పొలాలు చెడినయి. ఎందుకట్ల పడి ఉండిపోయింది? ఆ జాగ మీద ఎవరికీ లాభం లేదు గనుక. లాభం లేని దగ్గర శుభ్రం కూడ లేదు చెల్లే. నేను చెప్పేది కఠినంగ ఉంటది గని నిజం. మన జాగకు ఇయ్యాల ధర ఉన్నది గనుకనే ఎవడో ఒకడు దీన్ని తవ్వుతడు, మట్టి తీస్తడు, కొత్తగ కడుతడు. మట్టి పరీక్ష, శుద్ధి అని నువ్వు పది షరతులు పెడితే ఏమైతదో తెలుసా? నా అసొంటి చిన్నోళ్లు తాళం తియ్యరు. తాళం పడ్డ షెడ్డుకెళ్లి ఉప్పు ఇట్లనే పొక్కుతుంటది, ఇంకో 30 ఏండ్లు.

(చెల్లె కాసేపు మాట్లాడలేదు. అన్న మాటల్లో బలం ఉందని ఆమెకు తెలుసు.)

చెల్లె: నువ్వన్నదాంట్ల సగం ఒప్పుకుంట. శుద్ధికి పైసలు కావాలె, పైసలు జాగ ధరలకెళ్లే రావాలె. నా కొట్లాట పైసలెక్కడికెళ్లి వస్తయని కాదు, ఏది ముందు, ఏది ఎనక అని. నువ్వు ముందు పర్మిషన్ అంటున్నవ్, తర్వాత బిల్డర్, తర్వాత ఎవరన్న అడిగితే మట్టి. నేనంటున్నది ముందు మట్టి పరీక్ష, అది చూసి శుద్ధి, తర్వాత పర్మిషన్.

అన్న: బిల్డర్ ఎట్లనో రెండు మూడు సెల్లార్లు తవ్వుతడు. 30 ఫీట్ల లోతు మట్టి టిప్పర్లల్ల ఎల్లిపోతది. నువ్వు చెయ్యమన్న శుద్ధి అట్లనే అయిపోతది.

చెల్లె: ఎల్లిపోతది అంటే యాడికి?

అన్న: యాడికో. వాళ్లు చూసుకుంటరు.

చెల్లె: ఆ 'యాడికో' అనే ఊరు నాకు తెలుసు అన్నా. సెల్లార్ మట్టి ఈ పట్నంల రాత్రిపూట పోతది. చెరువు శిఖంల పడుతది, లేకుంటే ఊరవతల గుంతల ప్లాట్లు కొనుక్కున్న పేదోళ్లు మెరకకోసం టిప్పర్‌కింత అని కొనుక్కుంటరు. మన గుంటల మట్టి పోయి ఎవరింటి పునాదుల పడుతదో? ఆ ఇంట్ల చిన్న పిల్ల దాంట్ల ఆడుకుంటది. ఇక్కడ బాకీ తీరలే, పేరు మారిందంతే.

అన్న: అయితే దుండిగల్ పంపుదాం. అక్కడ ప్రమాదకర వ్యర్థాలు పాతిపెట్టే సైటు ఉన్నది గద.

చెల్లె: ఉన్నది. లారీకి చీటీ, తూకం, లెక్క అన్నీ ఉంటయి, టిప్పర్ల పోయేదాని కంటె వెయ్యి రెట్లు మేలు. కానీ దుండిగల్ పక్కన కూడ ఊర్లున్నయి. భోపాల్‌ల 1984 డిసెంబర్ రాత్రి గ్యాసు పోయింది. ఆ ఫ్యాక్టరీల మిగిలిన 337 టన్నుల విషపు చెత్త కదిలింది 2025 జనవరిల. 40 ఏండ్లు పట్టింది. పీథంపూర్‌కు తీస్కపోతుంటే అక్కడోళ్లు రోడ్డెక్కిండ్రు, మా ఊర్ల కాల్చొద్దని. వాళ్లు అనింది తప్పా? విషం ఎప్పుడూ పల్లం చూసుకునే పోతది, పైసల పల్లం.

అన్న: మరి ఏం చెయ్యమంటవ్? యాడ ఉంచినా తప్పే, యాడ పంపినా తప్పే అయితే?

చెల్లె: ఎంత తక్కువ కదిలిస్తే అంత మంచిది. క్రోమియంల రెండు తీర్లున్నయి. మన తొట్టిలది పచ్చది, నీళ్లల్ల కరిగి పోతది, ఒంటికి చెడ్డ విషం. దానికి అన్నభేది కలిపితే ఇంకో తీరుకు మారుతది. అది మట్టినే పట్టుకొని ఉంటది, నీళ్ల ఎంట అంతగ కదలదు, విషం కూడ చాల తక్కువ. నేను పిల్లలకు పరీక్ష గొట్టంల చూపిస్త, పచ్చ నీళ్లు చూస్తుండంగనే ఆకుపచ్చగ మారుతయి. గుంట యాడుందో తెలిస్తే, అక్కడ మట్టిని అక్కడనే మార్చి, మళ్ల పరీక్ష చేసి, మారనిదాన్నే చీటీ రాసి దుండిగల్ పంపొచ్చు.

అన్న: ఎంతవరకు మార్చాలె? ఎంత కడిగితే కడిగినట్టు?

చెల్లె: అసలు ప్రశ్న అది. కొడైకెనాల్‌ల థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం వదిలింది, 2001ల మూతపడ్డది. శుద్ధి చేస్తమన్నరు. కిలో మట్టికి 20 మిల్లీగ్రాములు మిగిలినా సరిపోతదని లెక్క కట్టిండ్రు. ఊరోళ్లు ఒప్పుకోలే. మా అడివి, మా చెరువు, అంత మిగిలితే ఎట్లని ఏండ్లకేండ్లు కొట్లాడిండ్రు. ఎంత మిగలొచ్చనేది రసాయన శాస్త్రం ఒక్కటే చెప్పే జవాబు కాదు. ఆ నేల మీద ఎవరు బతుకుతరో వాళ్లను కూర్చోబెట్టి అడగాలె. మన దగ్గర 25వ అంతస్తుల ఫ్లాటు కొన్నోడి కంటె గోడపక్క బోరు కొట్టుకునేటోళ్లకే ఆ లెక్క ఎక్కువ కావాలె.

అన్న: సరే, నువ్వు బస్తీ సంగతి తెచ్చినవ్ గనుక నేను ఒకటడుగుత, కోపం చెయ్యకు. మట్టి బాగైతది, నీళ్లు బాగైతయి, గోడకవతల పెద్ద బిల్డింగు లేస్తది. అప్పుడు బస్తీల కిరాయి ఎంతయితది? ఇయ్యాల నాలుగు వేలకు రూము దొరుకుతున్నది ఎందుకు? కంపు ఉన్నది గనుక. కంపు పోంగనే వాళ్లు పోవాలె. ఇల్లు సొంతమున్న నలుగురికి లాభం, కిరాయికున్న నలభై కుటుంబాలు సామాను ఆటోల ఏసుకుంటరు. నీ శుద్ధి వాళ్లను ఎళ్లగొట్టేటందుకా?

చెల్లె: దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు అన్నా. రాత్రిళ్లు నాకు నిద్ర పట్టనిది ఇదే. కానీ కంపు ఉంటేనే పేదోడికి నీడ దొరుకుతదంటే, ఆ కంపును కాపాడుకోవాలెనా? ముంబై మిల్లుల సంగతి తీస్కో. 1991ల నియమం పెట్టిండ్రు. మిల్లు జాగ అమ్ముకోవాలంటే మూడు పాళ్లు చెయ్యాలె. ఒక పాలు పట్నానికి ఖాళీ జాగగ, ఒకటి సర్కారు ఇండ్లకు, ఒకటి ఓనరుకు.

అన్న: పెడితే ఏమైంది? మూడింట ఒక వంతే మిగిలితే ఏ ఓనరు ముందుకొస్తడు? పదేండ్లు జాగలు చాలవరకు అట్లనే పడి ఉన్నయి. అందుకే 2001ల మార్చిండ్రు.

చెల్లె: ఎట్ల మార్చిండ్రు? మిల్లు బిల్డింగుల కింది జాగను లెక్కలకెళ్లి తీసేసి, ముందు నుంచి ఖాళీగున్న జాగను మాత్రమే మూడు పాళ్లు చేసిండ్రు. సుప్రీంకోర్టు కూడ 2006ల సరేనన్నది. ఇప్పుడు అక్కడ అద్దాల మేడలున్నయి. మిల్లుల చెమట కార్చినోళ్లు, వాళ్ల పిల్లలు ఇంటి లాటరీల పేరు తగులుతదా అని కాగితాలు పట్టుకొని తిరిగిండ్రు. అన్నా, ఓనరుకు పాలు తక్కువైతే జాగ కదలదని నువ్వన్నది నిజం. పాలు అంత ఓనరుకే ఇస్తే మనుషులు కదిలిపోతరని నేనన్నది కూడ నిజం. మధ్యల ఒక లెక్క ఉండాలె. 9,292 ఎకరాల్ల కొంత భాగం, ఇప్పుడు పక్కన కిరాయికున్నోళ్లకు అందే కిరాయితోటి రూములు కట్టాలె. ఫ్లాట్ల తాళాలు చేతికిచ్చేలోపల బస్తీకి మంచి నీళ్ల నల్లా రావాలె. ఫీజుల ఒక పాలు ఈ జాగ చుట్టుపక్కలనే ఖర్చు పెట్టాలె.

అన్న: ఫీజు కడుతున్న, మట్టి పరీక్ష నా ఖర్చే, శుద్ధి నా ఖర్చే, బస్తీ నల్లా నా ఖర్చే. వంద ఎకరాల కంపెనీకి ఇది చిల్లర. నాకు నడుము ఇరుగుతది. ఒకే నియమం అందరికీ పెడితే అది న్యాయంలెక్క కనపడుతది గని చిన్నోడిని మింగుతది. నీ న్యాయంల నా అసొంటోడికి జాగ ఉన్నదా లేదా?

చెల్లె: ఉన్నది. ఈ మాట నువ్వు గట్టిగ అడగాలె, నేను కూడ నీ ఎంట నిలబడి అడుగుత. జీడిమెట్లల చిన్న చిన్న ఫ్యాక్టరీలు ఎవరికి వాళ్లు నీళ్లు శుద్ధి చేసుకోలేకనే 1989ల ఉమ్మడి ప్లాంటు పెట్టుకున్నరు. మట్టికి కూడ అట్ల ఉమ్మడి నిధి ఉండాలె. అమెరికాల లవ్ కెనాల్ అని ఒక కాలనీ, ఫ్యాక్టరీ చెత్త పూడ్చిన జాగల ఇండ్లు, బడి కట్టిండ్రు. 1978ల జనం ఇండ్లు వదిలిపోవాల్సొచ్చింది. రెండేండ్లకు చట్టం తెచ్చి, చమురు కంపెనీల మీద, రసాయనాల కంపెనీల మీద పన్నేసి నిధి కట్టిండ్రు.

అన్న: ఆ పన్ను 1995ల ఆగిపోయింది గద? మళ్ల 2021 దాక తేలే.

చెల్లె: ఆగిపోయినంక ఖర్చు మామూలు జనం పన్నుల మీద పడ్డది. అందుకే మళ్ల తెచ్చిండ్రు. మన దగ్గర 2025 జులైల కలుషిత స్థలాల నియమాలు వచ్చినయి. అనుమానమున్న జాగల లిస్టు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇయ్యాలె, కాలుష్య మండలి పరీక్ష చేయించాలె, చెడగొట్టినోడెవడో తేల్చాలె. వాడు లేకుంటే, వాడికి శక్తి లేకుంటే కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలె. అవి వచ్చినప్పుడు దేశంల గుర్తించిన జాగలు 103, పని మొదలైనయి ఏడు. అంటే తలుపు ఉన్నది, తట్టెటోళ్లు లేరు. మన జాగ పేరు మనమే రాసిద్దాం.

అన్న: మనంతట మనమే పోయి మా జాగల విషమున్నదని చెప్పాలెనా? బిల్డర్ పారిపోతడు. ధర సగమైతది.

చెల్లె: ఆ పోయే సగం మనది కాదన్నా. ఇన్నేండ్లు ఆ సగం ధరను గోడకవతలోళ్లు వాళ్ల ఒంటితోటి కట్టిండ్రు. మేస్త్రీ ముక్కు దూలానికి రంధ్రం పడ్డది, తొట్టి ఆవిరికి. ఇరవై రెండేండ్లు ఆ ఆవిరి మీద వంగి పనిచేసిండు. వైద్యానికి నాయిన ఎంత ఇచ్చిండో, ఇయ్యలేదో నాకు తెల్వదు. ఈ జాగ ధరల ఆయన ముక్కు కూడ ఉన్నది.

(ఇక్కడ చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్న లేచి మూలనున్న ఇనుప బీరువా తెరిచాడు. మామయ్య జమాఖర్చుల పుస్తకాలు అందులో కట్టలు కట్టి ఉన్నాయి. ఒకటి తీసి, పేజీలు తిప్పాడు. క్రోమిక్ యాసిడ్, యాభై కిలోల డ్రమ్ములు, తేదీలు, ధరలు, అన్నీ మామయ్య గుండ్రటి చేతిరాతలో. వేలు పెట్టి ఒక్కో వరుసా లెక్కపెట్టుకుంటూ పోయాడు.)

అన్న: నాయిన పైసా పైసా రాసిండు. ఎన్ని డ్రమ్ములు కొన్నడో ఉన్నది.

చెల్లె: కొన్నదాంట్ల చాలా భాగం కడిగిన నీళ్లల్లనే పోయి ఉంటది. అంటే మన బాకీ ఎంతో ఈ పుస్తకమే చెప్తది. ఎన్ని డ్రమ్ములు వాడినోడు అంత కట్టాలె. అట్లయితే నీ మీద పక్కోడి సీసం పడదు, పెద్ద కంపెనీ నీ చాటున దాక్కోదు.

అన్న: ఈ లెక్కకు నేను ఒప్పుకుంట. మనది మనం కడుదాం, అందరి పేరున కట్టమంటె కట్ట. కిరాయిలోళ్ల సంగతి సర్కారు చూడాలె, అది నా నెత్తిన వెయ్యకు.

చెల్లె: అది నీ ఒక్కడి నెత్తిన వెయ్య. కానీ మనం నోరు మూసుకుంటే సర్కారు చూడదు. దాని మీద మళ్ల కొట్లాడుదాం.

అన్న: ముందు మట్టి పరీక్ష. అది చూసినంకనే దరఖాస్తు. యాడ తవ్వాలె మరి? గుంట ఎక్కడుండె?

చెల్లె: నాకు యాదికి లేదు. వెనక, యాప చెట్టు దిక్కు అనుకుంట.

అన్న: చెట్టు కొట్టేసి 15 ఏండ్లయింది. మొత్తం సిమెంటు పోసినం.

పత్రాలు వాళ్లిద్దరి దగ్గరా ఉన్నాయి. జాగ నక్షా ఉంది, పన్ను రసీదులున్నాయి, బిల్డర్ గీయించిన రంగుల బొమ్మ కూడా ఉంది. గుంట ఎక్కడో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అన్న ఫోను తీసి మేస్త్రీకి చేశాడు.

పావుగంటలో ఆయన గోడ చుట్టూ తిరిగి గేటు దగ్గరకు వచ్చాడు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికొచ్చి, కూర్చోమంటే కూర్చోలేదు. ఆఖరు తొట్టి పక్కన నిలబడి, గోడ దిక్కు తిరిగి, తనలో తనే అంకెలు చెప్పుకుంటూ అడుగులు వేశాడు. ఎనిమిదో అడుగు దగ్గర ఆగి మడమతో సిమెంటు మీద కొట్టాడు.

"ఈడ" అన్నాడు.

అన్న సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు. గీసి లేవబోతుంటే మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఒకటే కాదు చిన్న సేటూ. మూడుండె."

అన్న సుద్దముక్క పట్టుకుని ఆయన వెనకాల నడిచాడు.